కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటోందా?

ప్రశ్న: మా షాపులో వై-ఫై ప్రింటర్ ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తోంది. డిలీట్ చేసి మళ్లీ కలిపితే పనిచేస్తోంది. ఎదురుగా కస్టమర్లు నిలబడి ఉంటే చాలా టెన్షన్‌గా ఉంటోంది. కొత్తది కొనాలా?
– జిరాక్స్ షాపు యజమాని, తెనాలి

జవాబు: కొనకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ప్రింటర్ బాగానే ఉంది. దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు, మారిపోతోంది, ల్యాప్‌టాప్ మాత్రం పాత అడ్రస్‌కే పేజీలు పంపుతోంది.

వై-ఫైలో చేరిన ప్రతి పరికరానికీ అడ్రస్ ఇచ్చేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ. కొత్తగా చేరిన పరికరానికి అక్కడ ఎవరున్నారో తెలియదు కాబట్టి, ‘నాకో అడ్రస్ కావాలి’ అని నెట్‌వర్క్ మొత్తానికీ వినిపించేలా అడుగుతుంది. రౌటర్ 192.168.1.20 లాంటిది ఒకటి చూపిస్తుంది. పరికరం ‘అదే ఇవ్వండి’ అంటుంది, రౌటర్ ఖాయం చేస్తుంది. లాడ్జిలో గది ఇచ్చినట్టు, ఇదీ గడువుతోనే. చాలా రౌటర్లలో గడువు 24 గంటలు. సగం గడువు గడవగానే పరికరమే అడిగి పొడిగించుకుంటుంది. అందుకే ఆపకుండా నడిచే ప్రింటర్‌కు నెలల తరబడి ఒకే అడ్రస్ ఉండొచ్చు. కరెంటు పోతే చాలా చిన్న రౌటర్లు ఎవరికి ఏది ఇచ్చాయో మర్చిపోతాయి. తిరిగి ఆన్ అయ్యాక మీ ప్రింటర్ పాత అడ్రస్ ఇంకెవరి ఫోన్‌కో వెళ్లిపోవచ్చు.

‘ప్రింటర్‌లోనే అడ్రస్ టైప్ చేసి పెట్టేయండి’ అని చాలామంది సలహా ఇస్తారు. మీలాంటి షాపుకు నేను ఆ సలహా ఇవ్వను. రౌటర్ పంచే వరుసలోని అడ్రస్‌నే మీరు పెడితే, ఆ సంగతి తెలియని రౌటర్ దాన్నే ఒక కస్టమర్ ఫోన్‌కు ఇచ్చేయగలదు. ల్యాప్‌టాప్ పేజీ పంపేముందు ‘192.168.1.20 ఎవరు? మీ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు నంబరు) చెప్పండి’ అని నెట్‌వర్క్‌లో అడుగుతుంది. 1982 నుంచి ఉన్న ఈ పద్ధతి పేరు ఏఆర్‌పీ. ఒకే అడ్రస్‌కు ఇద్దరు బదులిస్తే పేజీ ఒకసారి ప్రింటర్‌కు, ఒకసారి ఫోన్‌కు పోతుంది. ఒకసారి పనిచేసి ఇంకోసారి చేయని ఇలాంటి తేడాను పట్టుకోవడం ఇప్పటి సమస్యకన్నా చాలా కష్టం.

అడ్రస్‌లు పంచే పని రౌటర్‌కే వదిలేసి, ప్రింటర్‌కు ఒకటి రిజర్వ్ చేయమని దానికే చెప్పండి. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ రిపోర్ట్ తీస్తే మ్యాక్ అడ్రస్ ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టి రౌటర్ సెట్టింగ్స్ తెరవండి. డీహెచ్‌సీపీ పేజీలో ‘అడ్రస్ రిజర్వేషన్’ లాంటి పేరుతో ఉన్నచోట ఆ మ్యాక్, దాని పక్కన మీరు ఎంచుకున్న ఐపీ ఇచ్చి సేవ్ చేయండి. ప్రింటర్‌ను ఆపి ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో చివరిసారిగా ఆ ఐపీతో కలపండి. ఫోన్‌లకు ఇలా చేయాలంటే ముందు మీ వై-ఫై వరకు ‘ప్రైవేట్ అడ్రస్’ ఆప్షన్ ఆపాలి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్‌ను దాచి వేరేది చూపిస్తున్నాయి.

ప్రశ్న: వై-ఫై కనెక్ట్ అయిందని చూపిస్తోంది, నెట్ రావడం లేదు. ల్యాప్‌టాప్ ఐపీ 169.254తో మొదలవుతోంది. కేబుల్ వాళ్లకు ఫోన్ చేయాలా?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ఇప్పుడే వద్దు. 169.254 అంటే మీ ల్యాప్‌టాప్ అడ్రస్ అడిగినా ఎవరూ బదులివ్వలేదని, అది తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. తేడా ఇంట్లోనే ఉంది, బయటి లైన్ దాకా విషయం వెళ్లనే లేదు. ఇంట్లో మిగతా ఫోన్లలో నెట్ వస్తోందా చూడండి. వస్తుంటే ల్యాప్‌టాప్‌లో ఆ వై-ఫైని ‘ఫర్‌గెట్’ చేసి మళ్లీ పాస్‌వర్డ్ ఇవ్వండి. ఎందులోనూ రాకపోతే రౌటర్‌ను ఆపి ఆన్ చేయండి. అప్పటికీ 169.254 పోకపోతే రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆఫ్ అయి ఉందేమో చూడండి.