ఫొటో కోసం ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: ఈ మధ్యే ఉద్యోగం కోసం ఒక మహానగరానికి వచ్చాను. సెలవు దొరికితే కెమెరా పట్టుకుని వీధుల్లోకి వెళ్తున్నాను. అందరూ చెప్పే ప్రసిద్ధ చోట్లన్నీ చుట్టేశాను గానీ నా ఫొటోలు కూడా అందరివీ ఉన్నట్టే ఉంటున్నాయి. రోజుకి మూడు నాలుగు వందలు తీసినా ఇంటికొచ్చి చూస్తే ఒక్కటీ నచ్చడం లేదు. వీధి ఫొటోగ్రఫీకి మంచి చోట్లు ఎలా వెతుక్కోవాలి?

జవాబు: ముందు ఆ తిరుగుడు తగ్గించండి. ఒక్క రోజులో పది చోట్లు చుట్టేస్తే ఒక్కోచోట పావుగంట కూడా నిలబడరు, అంతలో అక్కడి వెలుగేమిటో, జనం ఎటు నుంచి ఎటు పోతున్నారో అర్థం కాదు. పేరున్న కట్టడాల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడికి వచ్చినవాళ్లంతా ఫొటోలు దిగడానికే వస్తారు. మనకి కావలసింది తమ ధ్యాసలో తామున్న మనుషులు. వాళ్లు దొరికేది బస్టాపుల్లో, స్టేషన్ బయటి మెట్ల మీద, సిగ్నల్ దగ్గర, ఆఫీసులు వదిలే వేళ పక్క సందుల్లో.

1932లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ తీసిన ఆ ప్రసిద్ధమైన ఫొటో, నీటి మడుగు మీదుగా దూకుతూ గాలిలో ఉన్న మనిషిది, మీరు చూసే ఉంటారు. అది తీసింది పారిస్‌లోనే, కానీ ఏ గొప్ప కట్టడం ముందో కాదు, ఒక రైల్వే స్టేషన్ వెనక నీళ్లు నిలిచిన ఖాళీ జాగాలో. అమెరికన్ ఫొటోగ్రాఫర్ సాల్ లీటర్ అయితే న్యూయార్క్‌లో యాభై ఏళ్లకు పైగా ఒకే పేటలో ఉంటూ, తన ఇంటి చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనే, ఆవిరి పట్టిన కిటికీ అద్దాల్లోంచీ గొడుగుల చాటునుంచీ తన మంచి ఫొటోలు చాలావరకు తీశాడు. కాబట్టి మీరు రోజూ ఆఫీసుకి నడిచే దారిని చిన్నచూపు చూడకండి.

నా మటుకు చోటు అంటే స్థలం ఒక్కటే కాదు, స్థలం, వేళ కలిస్తేనే చోటు. తూర్పు పడమరలుగా సాగే వీధిలో పొద్దున్నే, మళ్లీ సాయంత్రం ఏటవాలు ఎండ వీధి పొడవునా పరుచుకుని నీడలు సాగుతాయి. ఉత్తర దక్షిణాలుగా ఉన్న వీధిలో పొద్దున పడమటి వైపు గోడల మీద, సాయంత్రం తూర్పు వైపు గోడల మీద ఎండ ఉంటుంది. అద్దాల మేడలు ఉన్నచోట ఇంకా బాగుంటుంది, వాటి మీద పడిన ఎండ ఎదురుగా నీడలో ఉన్న ఫుట్‌పాత్ మీద పలకలు పలకలుగా పడుతుంది. జనం ఒక్కొక్కరే ఆ పలకల్లోకి అడుగుపెట్టి వెలిగి మళ్లీ నీడలో కలిసిపోతుంటే చూడాలి! వాన వెలిసిన అరగంట కూడా అంతే, మామూలుగా ఏమీ లేని రోడ్డు అద్దమైపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను రోజూ దిగే భూగర్భ స్టేషన్ బయటి మెట్ల పక్కన పసుపు రంగు గోడ ఒకటుంది. సాయంత్రం పొద్దు వాలేముందు ఎదుటి రెండు భవనాల మధ్య సందులోంచి ఎండ వచ్చి ఆ గోడ మీద ఓ మనిషి వెడల్పు మాత్రమే పడుతుంది, అదీ ఇరవై నిమిషాలే. నాలుగు రోజులు వరసగా అక్కడే నిలబడ్డాను. మూడు రోజులు ఫొటో బాగానే ఉంది కానీ అందులో ప్రాణం లేదు. నాలుగో రోజు ఒకాయన మెట్లెక్కి వచ్చి, సరిగ్గా ఆ వెలుగులో ఆగి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయన వేళ్ల నీడ గోడ మీద చెయ్యంత పొడవు పడింది. రెండు సెకన్లు, అంతే. నాకు కావలసిన ఫొటో వచ్చేసింది. ఆ గోడ దగ్గర ముందే ఫ్రేమ్ పెట్టుకుని ఉండకపోతే నేను కెమెరా ఎత్తేలోపే ఆయన వెళ్లిపోయేవాడు.

ఇక వెతికే పద్ధతంటారా, ఫోన్‌లో మ్యాప్ తెరిచి స్టేషన్లు, కాలి వంతెనలు, రహదారి కింది దారులు, సన్న సందులు పెద్ద రోడ్డులో కలిసే మలుపులు గుర్తు పెట్టుకోండి. వీధి ఏ దిక్కుగా ఉందో మ్యాపే చెబుతుంది, దాన్నిబట్టి ఏ వేళకి వెళ్లాలో తేలిపోతుంది. ఇంకొకటి, ఒక సెలవు రోజు ఏదో ఒక బస్సు మొదటి స్టాపులో ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఆఖరి స్టాపు దాకా వెళ్లండి, కెమెరా సంచిలోంచి తీయకుండా. కంటికి ఆగిన చోటల్లా ఫోన్‌లో పిన్ చేసుకోండి. ఆ తర్వాత వాటిలో మూడే మూడు ఎంచుకుని నెల రోజులు వాటి చుట్టూనే తిరగండి, వేర్వేరు వేళల్లో.

సెట్టింగుల గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్నది) మీద 35 ఎంఎం లెన్స్ ఉంటే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్/8కి పెట్టి ఫోకస్ 3 మీటర్ల దగ్గర ఆపేయండి, సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. నడిచే మనుషులకి షట్టర్ వేగం సెకనులో 250వ వంతు కంటే నెమ్మదిగా ఉండనివ్వకండి. ఎండ పలకలు ఉన్నచోట ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు మోతాదు) ఎండకే చూసుకోండి, నీడలు నల్లబడితే పడనివ్వండి.

మరొకరి ప్రశ్న: నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. తెలియనివాళ్ల మీదికి ఎత్తాలంటే భయం. ఎవరైనా అడ్డుచెబితే?

జవాబు: ఫోన్ చాలు. తెర మీద కాసేపు వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు లాక్ చేసుకుని, వాల్యూమ్ బటన్‌తో తీయండి, చూపు ఫోన్ మీద కాకుండా వీధి మీద ఉంటుంది. భయం తగ్గాలంటే మీరు జనం దగ్గరికి వెళ్లకుండా జనం మీ ఫ్రేమ్‌లోకి వచ్చేలా ఒకచోట నిలబడండి. సిగ్నల్ పడ్డాక రోడ్డు దాటుతూ ఎదురొచ్చే గుంపు దీనికి చాలా మంచిది. అప్పటికే అక్కడ నిలబడి ఉన్నవాళ్లని ఎవరూ అంతగా పట్టించుకోరు. దాక్కుని మాత్రం తీయకండి, అదే అనుమానం తెప్పిస్తుంది. ఎవరైనా వద్దంటే నవ్వి, తీసింది చూపించి, వాళ్ల ముందే చెరిపేయండి. పిల్లల్ని, ఏడుస్తున్నవాళ్లని, రోడ్డు పక్కన నిద్రపోతున్నవాళ్లని తీయను నేను, ఎంత మంచి వెలుగున్నా సరే. ఫొటోలు బయటపెట్టే విషయంలో చట్టాలు దేశానికో రకంగా ఉన్నాయి, స్టేషన్ల లోపల కొన్నిచోట్ల విడిగా అనుమతి కావాలి, మీ ఊళ్లో నియమాలేమిటో ముందే కనుక్కోండి. మెట్ల మీద నిలబడేటప్పుడు మాత్రం ఒక పక్కకి జరగండి, దిగేవాళ్లకి దారి వదలాలి.