ఒక్క కాన్పు అయ్యాకే ఆడకుక్కకు ఆపరేషన్ చేయించాలా?

మీ కుక్కకు ఎనిమిది నెలలనీ, ఒక్కసారైనా పిల్లల్ని పెట్టాకే, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారనీ రాశారు. మా ఇంట్లోనూ ఇదే మాట. ఆ మాట పట్టుకునే మా చిట్టికి చేయించకుండా వాయిదా వేస్తూ పోయాం. చివరికి అది పిల్లల్నీ పెట్టలేదు.

దానికి తొమ్మిదేళ్లప్పుడు, ఎద ముగిసి నెల దాటాక, ఉన్నట్టుండి గిన్నెలకొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఎండలకేమో అనుకున్నాం. తర్వాత తిండి మానేసింది, వాంతులు చేసుకుంది, మూలకు పోయి పడుకుంది. స్కాన్ తీస్తే గర్భసంచి నిండా చీము. పయోమెట్రా అన్నారు డాక్టరుగారు. ఎద తర్వాత హార్మోన్ల వల్ల గర్భసంచి గోడ మందమవుతుంది, లోపల చేరిన బాక్టీరియా అక్కడ పెరిగిపోతుంది. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో వయసు మీదపడేకొద్దీ ఇది తరచుగా వచ్చే జబ్బే. కొన్నిటికి చీము బయటికి కారుతుంది కాబట్టి తెలుస్తుంది. గర్భసంచి ముఖం మూసుకుపోతే అదీ కనబడదు. చిట్టికి అలాగే అయింది. ఆ రాత్రే గర్భసంచి తీసేశారు, బతికింది. కానీ ఒంట్లో బాగున్నప్పుడు సులువుగా అయిపోవాల్సిన ఆపరేషన్‌ను, విషం పాకిన ముసలి ఒంటికి మత్తిచ్చి చేయించాల్సి వచ్చింది. అది ఇప్పటికీ నాకు బాధే.

ఒక కాన్పు అయితే ఆరోగ్యమన్న మాటకు ఆధారం లేదు. రొమ్ము గడ్డల సంగతి చూస్తే ఆలస్యం వల్ల నష్టమే. తొలి ఎదకు ముందే చేయిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది, ఎదలు గడిచేకొద్దీ ఆ మేలు తరిగిపోతుంది. అలాగని అన్నిటికీ ఒకే వయసు చెప్పలేం. గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు మరీ ముందే చేస్తే కీళ్ల జబ్బులు పెరుగుతాయి, అందుకే ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగమంటారు. పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నిటికి తర్వాత తెలియకుండా మూత్రం కారడమూ ఉంటుంది. మందులతో చాలావరకు అదుపులోకి వస్తుంది. మీది ఏ జాతో, ఎంత బరువుందో చెప్పి ఈ రెండూ డాక్టరును అడగండి.

తల్లి కానివ్వకపోతే పాపమని మా అమ్మా బాధపడింది. పుట్టే ఆరేడు పిల్లల్ని ఎవరెవరికి ఇస్తామో చెప్పమన్నాను. ఇద్దరి పేర్లు చెప్పి ఆగిపోయింది.

రెండో కుక్క మల్లికి ఆలస్యం చేయలేదు. మర్నాటికే తోక ఊపుతూ లేచింది. అసలు కష్టం అక్కడే మొదలైంది, గెంతకుండా ఆపడం! కుట్లు నాకకుండా మెడ చుట్టూ గరాటులా ఉండే కోన్ పది పన్నెండు రోజులు పెట్టాల్సిందే. జాలిపడి ఒక్క పూట తీశాను, ఒక కుట్టు లాగేసింది. నొప్పికి మన ఇంట్లో ఉండే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వేయకండి, ప్రమాదం. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన తిండి తగ్గుతుంది కాబట్టి గిన్నెలో కొలత కూడా తగ్గించాలి. మేము తగ్గించక మల్లి లావెక్కింది.

మీది ఎదకు వచ్చిందో లేదో రాయలేదు. ఇప్పుడు ఎదలో ఉంటే రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి చేస్తారు. ఎద ఉండే ఈ మూడు వారాలూ గొలుసు లేకుండా బయటికి వదలకండి. ఇంట్లో ఈమధ్యే ఆపరేషన్ అయిన మగకుక్క ఉన్నా విడిగానే ఉంచండి, దానివల్ల ఇంకొన్ని వారాలపాటు చూలు నిలిచే వీలుంది.