కొత్త వైరస్ ఊళ్లోనే వ్యాపిస్తోందని మొదట ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇది: "విదేశాల నుంచి వచ్చినవాళ్లలోనే కేసులున్నాయి అంటున్నప్పుడు, కొత్త శ్వాసకోశ వైరస్ స్థానికంగా పాకుతోందని ముందే ఎలా కనిపెడతారు?" నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. 2020 మొదటి నెలల్లో కూడా అదే పనిలో ఉన్నాను.

ప్రయాణం చేయనివాళ్లకు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చేయకపోతే, వైరస్ ఎంత పాకినా రికార్డుల్లో "స్థానిక వ్యాప్తి లేదు" అనే ఉంటుంది.

అప్పట్లో శాంపిల్‌తో వచ్చే ఫారంలో విదేశీ ప్రయాణం ఉందా, పాజిటివ్ వచ్చినవారితో కాంటాక్ట్ ఉందా అని అడిగేవాళ్లు. రెండింటికీ "లేదు" అని రాస్తే ఆ శాంపిల్ తీసుకోవడానికి వీలుండేది కాదు. కిట్లు తక్కువ కాబట్టి ఆ నిబంధన పెట్టారు, అది నాకు తెలుసు. కానీ దానివల్ల మనం వెతకాల్సిన మనిషికే పరీక్ష లేకుండా పోయింది. ఐసీయూ డాక్టర్ ఒకరు మాటిమాటికీ ఫోన్ చేసేవారు. "ఫ్లూ నెగటివ్, కల్చర్‌లో ఏమీ పెరగలేదు, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి. మరి ఇదేంటి?" అని. నా దృష్టిలో అలాంటి ఫోన్లే మొదటి హెచ్చరిక. కారణం తేలని న్యుమోనియాలు మామూలు కంటే ఎక్కువగా వస్తుంటే ఎవరో ఒకరు లెక్క రాసిపెట్టాలి.

ఇటలీలోని కొదోన్యోలో అదే జరిగింది. 2020 ఫిబ్రవరి 20న అన్నలీసా మలారా అనే మత్తుమందు ఇచ్చే డాక్టర్, చైనా వెళ్లని 38 ఏళ్ల మనిషికి, నిబంధనలు ఒప్పుకోకపోయినా పరీక్ష చేయించారు. పాజిటివ్ వచ్చింది. అమెరికాలోని సియాటిల్‌లో హెలెన్ చూ బృందం, ఫ్లూ అధ్యయనం కోసం తీసిన శాంపిళ్లలోనే కొత్త వైరస్ కోసం వెతికితే, ప్రయాణం చేయని ఒక టీనేజర్ బయటపడ్డాడు. మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2020 ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 2 వరకు, తీవ్రమైన శ్వాస సమస్యతో ఆసుపత్రుల్లో చేరిన 5,911 మందిని పరీక్షిస్తే 104 మందికి పాజిటివ్. వాళ్లలో 40 మందికి ప్రయాణమూ లేదు, తెలిసిన కాంటాక్టూ లేదు. నాకు ఆ 104 కంటే ఈ 40 ముఖ్యం.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. వైరస్ సోకినప్పటి నుంచి ఐసీయూలో చేరేదాకా కోవిడ్‌లో సుమారు రెండు వారాలు పట్టేది. అంటే లింకు దొరకని ఒక్క ఐసీయూ కేసు కనిపించిందంటే, అది రెండు వారాల కిందటి పరిస్థితి చెబుతోంది. ఈలోగా స్వల్ప లక్షణాలతో తిరుగుతున్నవాళ్లు చాలామందే ఉండి ఉంటారు.

అలాగని మొదటి పాజిటివ్ చూడగానే ప్రకటించేయకూడదు. మాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. వైరస్ చాలా అరుదుగా ఉన్నప్పుడు, వైరస్ లేనివాళ్లకు 99.5 శాతం కచ్చితంగా నెగటివ్ చూపే పరీక్ష కూడా అలాంటి వెయ్యిమందిలో అయిదుగురికి తప్పుడు పాజిటివ్ ఇస్తుంది; నిజమైన పాజిటివ్‌ల కంటే అవే ఎక్కువ కావచ్చు. అందుకే వైరస్‌లోని మరో జన్యువుతో, వీలైతే కొత్త శాంపిల్‌తో మళ్లీ చూస్తాం.

ఒకరి వైరస్ మరొకరి నుంచి వచ్చిందా అని తెలుసుకోవడానికి వాటి జన్యుక్రమం (జన్యువుల్లోని అక్షరాల వరుస) పోల్చి చూడటం బాగా పనికొస్తుంది, కానీ తొందరపడకూడదు. వాషింగ్టన్ రాష్ట్రంలో జనవరి కేసుకూ ఫిబ్రవరి చివరి కేసుకూ జన్యుక్రమం దగ్గరగా ఉండటంతో వారాల తరబడి గుట్టుగా వ్యాపించిందనుకున్నారు. వైరస్ తర్వాత విడిగా మళ్లీ వచ్చి ఉండొచ్చని తదుపరి విశ్లేషణలు చూపాయి. స్థానిక వ్యాప్తి మాత్రం నిజమే. మురుగునీటి పరీక్ష కూడా మంచిదే. నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్‌లో కేసులు నమోదు కాకముందే మురుగునీటిలో వైరస్ ఆనవాలు దొరికింది. అయితే అది ఎవరికి సోకిందో చెప్పదు.

కాబట్టి "మా దగ్గర స్థానిక కేసులు లేవు" అని బులెటిన్ వస్తే, ప్రయాణం చేయనివాళ్లలో ఎంతమందికి పరీక్ష చేశారో అడగండి. డాక్టర్లకు ఒక మనవి: న్యుమోనియా ముదిరిన పేషెంట్‌కు ముక్కు స్వాబ్ నెగటివ్ వస్తే అక్కడితో ఆగకండి. వీలైతే ఊపిరితిత్తుల లోపలి నుంచి తీసిన శాంపిల్ కూడా పంపండి. ఆ దశలో వైరస్ ముక్కులో దొరక్కపోయినా అక్కడ దొరకవచ్చు.