ఆ పొడి ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ దగ్గరికి పొట్లం తీసుకెళ్లండి

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా నాయనకు 61 ఏండ్లు. మోకాళ్ల నొప్పులతో కూర్చుంటే లేవలేకపోయేవాడు. ఆరు నెలల కింద ఊరికొచ్చిన ఒక మూలికల వైద్యుడు కాగితం పొట్లాల్లో పొడి ఇచ్చిండు. మూడు రోజుల్లోనే పొలానికి నడిచి పోయిండు. ఇప్పుడు ముఖం ఉబ్బింది, పొట్ట పెరిగింది. మొన్న షుగర్ 280 వచ్చింది, ఇంతకుముందు లేదు. పొడి మానమంటే 'చెట్ల మందుతో నష్టం ఉండదు' అంటున్నడు. ఏం చేయాలి?

జవాబు: పొడిని మీరు ఇంట్లో బలవంతంగా మాన్పించకండి. మిగిలిన పొట్లాలతో సహా రేపే ఆయన్ని జనరల్ ఫిజీషియన్‌కు చూపించండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే ఆ పొడిలో స్టెరాయిడ్ (నొప్పి, వాపు వేగంగా తగ్గించే బలమైన అల్లోపతి మందు) కలిసి ఉందని నాకు గట్టి అనుమానం. లేవలేనంత నొప్పి మూడు రోజుల్లో మాయమవడం, ముఖం ఉబ్బడం, పొట్ట పెరగడం, లేని షుగర్ రావడం... డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి మాత్రలు నూరి మూలికల పొడిలో కలిపితే సరిగ్గా ఇలాగే అవుతుంది.

స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే మన ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. అప్పుడు హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టర్ కొలిచిన మోతాదులో స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఈలోగా వాంతులు, విపరీతమైన నీరసం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి, పొడి సంగతి తప్పక చెప్పండి. షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం, బీపీ చూడాలి. ఇలాంటి పొడుల్లో నొప్పి మాత్రలు కూడా కలుపుతుంటారు, అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

మీ నాయనను మాత్రం కోప్పడకండి. నొప్పి తగ్గింది కాబట్టి నమ్మిండు. అయితే ఆయన మింగింది ఆయుర్వేదం కాదని నెమ్మదిగా చెప్పండి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం అమ్మకానికి ఆయుర్వేద మందు తయారు చేయాలంటే లైసెన్స్ ఉండాలి. డబ్బా మీద అందులో కలిపినవేమిటో, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ ఉండాలి. వైద్యుడు తన దగ్గరికొచ్చిన రోగికి స్వయంగా మందు చేసి ఇచ్చుకోవడానికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. దాని చాటున అల్లోపతి మాత్రలు నూరి కలపడం ఏ మినహాయింపూ ఒప్పుకోదు. వైద్యం చేసే హక్కు కూడా ఊరికే రాదు. అర్హత, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు సంప్రదాయ వైద్యం పేరుతో ప్రాక్టీస్ చేయరాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్య డిగ్రీ) చదివి, మందు పేరు రాసిచ్చే ఆయుర్వేద డాక్టర్లు ఉన్నారు. వాళ్ల పేరు కూడా ఇలాంటి పొట్లాల వల్లే చెడుతోంది. నాకు బాధ కలిగించేది అదే.

ఒక పొట్లం విప్పకుండా దాచి, తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేయండి. మీ నాయన కోసమే కాదు, అదే రోజు అదే సంచిలోంచి ఎంతమంది కొన్నారో మీకే తెలుసు కదా. వాళ్ల ఇళ్లకు పోయి కూడా 'ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్‌కు చూపించండి' అని చెప్పండి.

అసలు నొప్పి సంగతి. మీది భూగర్భ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతం. మోకాళ్లతో పాటు నడుము, మెడ కూడా బిగుసుకుపోయి ఉంటే ఎముకల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్లు ఏండ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు) కావచ్చు, ఎక్స్‌రేలో తెలుస్తుంది. స్టెరాయిడ్ ఆ ఎముకలను ఇంకా బలహీనం చేస్తుంది. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లే తాగుతున్నా పొలం కాడ బోరు నీళ్లు తాగుతున్నాడేమో అడగండి. రేపటి నుంచి సద్దితో పాటు నీళ్ల సీసా కూడా కట్టి పంపండి.