కొత్త లిథియం వస్తోందట, పాత మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్యకు 34 ఏళ్లు. బైపోలార్ డిజార్డర్‌కు ఐదేళ్లుగా లిథియం వాడుతున్నాడు. మనిషి బాగానే ఉన్నాడు. కానీ చేతులు వణుకుతున్నాయి, టీ కప్పు పట్టుకుంటే సాసర్ టకటకలాడుతుంది. దాహం కూడా ఎక్కువే. అమెరికాలో సైడ్ ఎఫెక్ట్స్ తక్కువగా ఉండే కొత్త లిథియం వస్తోందని చదివాం. అది వచ్చేదాకా మాత్రలు ఆపవచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ఆపొద్దమ్మా. లిథియం ఉన్నట్టుండి మానేస్తే కొద్ది నెలల్లోనే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది, ఆత్మహత్య ముప్పు కూడా పెరుగుతుంది.

మీరు చదివింది అబద్ధం కాదు. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియాకు (మనసు అదుపు తప్పి ఉప్పొంగిపోయే దశ) లిథియం పనిచేస్తుందని చెప్పినప్పటి నుంచీ దీనితో చిక్కు ఒక్కటే. మందుకీ విషానికీ మధ్య తేడా చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉంటే మందు, 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం. మామూలు లిథియం కార్బొనేట్ వేసుకోగానే రక్తంలో మోతాదు ఒక్కసారిగా పెరిగి, తర్వాత పడిపోతుంది. కొత్త రకంలోనూ లిథియం అదే, దానికి జతకట్టే పదార్థం మారుతుంది. 2014లో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఫ్లోరిడా పరిశోధకులు లిథియం సాలిసిలేట్‌ను ఎలుకలకిచ్చి చూస్తే, అంత ఎగుడుదిగుడు లేకుండా 48 గంటల తర్వాత కూడా రక్తంలో కనిపించింది. సాలిసిలేట్‌కు ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని కలిపి చేసిన ఏఎల్001 అనే మందును ఇప్పుడు మనుషుల మీద పరీక్షిస్తున్నారు. మన మందుల షాపుల్లో దొరికే దశకు రాలేదు. ఆన్‌లైన్‌లో సప్లిమెంట్‌గా అమ్మే లిథియం ఒరోటేట్ అదేననుకుని తెప్పించకండి.

అన్నయ్యకు లిథియం లెవెల్ (రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష) చివరిసారి ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. నాకు అదే టెన్షన్. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే, పన్నెండు గంటలు గడిచాక, అంటే ఉదయం తొమ్మిదికి రక్తం ఇవ్వాలి. ఉదయం మాత్ర కూడా ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుని ల్యాబ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది, లెవెల్ ఎక్కువగా వచ్చిన రిపోర్టు చూసి కంగారు పడేదీ వాళ్లే! దాంతోపాటు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్, కాల్షియం కూడా చూపించండి.

మోకాలి నొప్పికని డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి సొంతంగా వేసుకుంటే లెవెల్ పెరుగుతుంది. కొన్ని బీపీ మాత్రలతోనూ అంతే. మీ ఖమ్మం ఎండల్లో నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మాత్రం తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చేతి వణుకు చాలాసార్లు డోసు సర్దితే తగ్గుతుంది, దానికి వేరే మందులూ ఉన్నాయి. ఈసారి సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, ఇంట్లో వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ పట్టుకెళ్లండి.