ప్రింట్ చేసిన అల్యూమినియంకి టీ6 ఎందుకు పడలేదు?

ప్రశ్న: నమస్తే సార్. బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నా. ఏఎల్‌ఎస్‌ఐ10ఎంజీతో (సుమారు పది శాతం సిలికాన్, కాస్త మెగ్నీషియం కలిపిన అల్యూమినియం) పోతపోసిన బ్రాకెట్, అదే మెటల్‌తో లేజర్ త్రీడీ ప్రింట్ చేయించినది, రెండూ టెస్ట్ చేస్తే ప్రింట్‌దే హార్డ్‌నెస్ ఎక్కువొచ్చింది. ఇంకా పెరుగుతుందని పోతకి చేసినట్టే టీ6 (బాగా వేడిచేసి, గబుక్కున చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచే ట్రీట్‌మెంట్) చేయిస్తే తగ్గిపోయింది. పౌడర్‌లో తేడానా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పౌడర్‌ని అనుమానించకండి, అసలు సంగతి అది ఎంత వేగంగా గడ్డకట్టిందన్నదే. ఇసుక అచ్చులో లోహం తీరిగ్గా చల్లారుతుంది, లేజర్ కింద కరిగేదేమో చిటికెడు మడుగు, దాని కింద ఉన్న గట్టి లోహం వేడిని లాగేస్తుంది కాబట్టి సెకనుకి లక్ష నుంచి పది లక్షల డిగ్రీల రేటున చల్లారిపోతుంది.

నెమ్మదిగా చల్లారితే అల్యూమినియం కొమ్మల్లా పెరుగుతూ (డెండ్రైట్లంటే ఇవే) సిలికాన్‌ని బయటికి నెట్టేస్తుంది, కొమ్మల మధ్య దూరం పదుల మైక్రాన్లు ఉంటుంది, ఆ సందుల్లో సిలికాన్ మోటు పలకలుగా కట్టి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. వేగంగా చల్లారితే సిలికాన్ దూరం జరగడానికి టైమే ఉండదు, అందుకే సుమారు అర మైక్రాన్ గదులు, వాటి చుట్టూ పలచటి సిలికాన్ గోడలు వస్తాయి, కొంత సిలికానైతే అల్యూమినియంలోనే ఇరుక్కుపోతుంది. మామూలుగా గట్టి అల్యూమినియంలో సిలికాన్ అన్నిటికంటే ఎక్కువగా ఇమిడే 577 డిగ్రీల దగ్గర కూడా 1.65 శాతానికి మించి ఇమడదు, ఇక్కడ చల్లారాక కూడా అంతకంటే ఎక్కువే ఉండిపోవచ్చు! మీకొచ్చిన హార్డ్‌నెస్ ఈ గోడలది, ఈ ఇరుక్కున్న సిలికాన్‌ది. 1960లో అమెరికాలోని కాల్‌టెక్‌ యూనివర్సిటీలో పోల్ డ్యువేజ్ బృందం బంగారం-సిలికాన్‌ని ఇంతే జోరుగా చల్లార్చి అసలు స్ఫటికమే కట్టకుండా ఆపేసింది, నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇక టీ6లో ముందు 500 పైన డిగ్రీల్లో ఉంచారు కదా (సొల్యూషన్ ట్రీట్‌మెంట్ అంటే ఇదే), గడ్డకట్టేటప్పుడు సిలికాన్‌కి దొరకని టైమ్ ఫర్నేస్‌లో దొరికేసింది, గోడలు తెగి ఉండలు కట్టాయి, ఇరుక్కున్నదీ బయటికొచ్చేసింది. తర్వాత చేసే ఏజింగ్ (తక్కువ వేడిలో గంటలకొద్దీ ఉంచడం) కొంత తిరిగిస్తుంది గానీ పోయిందంతా రాదు. 300 డిగ్రీల్లో రెండు గంటల స్ట్రెస్ రిలీఫ్ (లోహం లోపలి ఒత్తిళ్లు తగ్గించడానికి వేడిచేయడం) చేసినా గోడలు తెగుతాయి. హార్డ్‌నెస్సే కావాలంటే సొల్యూషన్ ట్రీట్‌మెంట్ మానేసి నేరుగా 160 డిగ్రీల దగ్గర ఏజింగ్ చేయించండి. కానీ బ్రాకెట్ దెబ్బలు తినేదైతే టీ6ని అప్పుడే తీసిపారేయకండి, అది సాగే గుణం పెంచుతుంది, మీరు హార్డ్‌నెస్ ఒక్కటే చూశారు, టెన్సైల్ టెస్ట్ (తెగేదాకా లాగి చూసే పరీక్ష) కూడా చేయించి చూడండి.