డిటాక్స్ సంగతి తర్వాత, ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి

ఆరు నెలల్లో బిడ్డ కోసం ప్లాన్ చేస్తున్నామని, అప్పుడే పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలో సగటున 200 రసాయనాలు దొరికాయని చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. ఒంట్లో ఉన్నవన్నీ కడిగేసే డిటాక్స్ కోర్సు చేయొచ్చా అని అడిగారు. చివర్లో, మాటవరసకు అన్నట్టు, పెళ్లికి ముందు మూడేళ్లు బ్యాటరీల వర్క్‌షాపులో లెక్కలు చూశానన్నారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు ముఖ్యంగా అనిపించింది ఆ చివరి మాటే. బ్యాటరీల్లో సీసం (లెడ్) ఉంటుంది కాబట్టి, రక్తంలో సీసం ఎంతుందో ముందు పరీక్ష చేయించుకోండి. ఎందుకు చెప్తున్నానంటే, ఆ పరీక్ష నేను చేయించుకున్నాను.

మేము పిల్లల కోసం అనుకుంటున్న రోజుల్లోనే బాగా పాత ఇంట్లోకి మారాం. బిడ్డకు గది సిద్ధం చేద్దామన్న ఉత్సాహంతో కిటికీ తలుపుల మీది పాత రంగు నేనే గీకాను. పెచ్చులు ఊడిన చోట కింద పొరల మీద పొరలు కనిపించేవి. ఆకుపచ్చ కింద పసుపు, దాని కింద తెలుపు. సాండ్ పేపర్‌తో రుద్దుతుంటే పిండిలాంటి దుమ్ము నా ముంజేతుల మీద, కిటికీ గట్టు మీద పేరుకునేది. చున్నీతో మొహం తుడుచుకునేదాన్ని, అదే చున్నీకి చేతులు తుడుచుకుని భోజనానికి కూర్చునేదాన్ని. ఇలా పది రోజులు.

ఆ తర్వాత గర్భానికి ముందు చేసే చెకప్‌కు వెళ్తే, డాక్టర్ గారు అడిగిన ప్రశ్నల్లో "ఈ మధ్య ఇంట్లో రిపేర్లేమైనా చేశారా?" అన్నది కూడా ఉంది. కిటికీల సంగతి చెప్పాను. పాత రంగుల్లో సీసం ఉండేది. ఆవిడ రాస్తున్నది ఆపి తలెత్తి చూశారు. పరీక్షలో డెసిలీటరుకు 14 మైక్రోగ్రాముల సీసం వచ్చింది. అమెరికాలో గర్భిణులకు 5 వచ్చిందంటేనే కారణం వెతకడం మొదలుపెడతారు. అసలు సీసం విషయంలో ఇంతవరకు పరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నాకు తలనొప్పి లేదు, కడుపునొప్పి లేదు, నీరసం కూడా లేదు. ఆవిడ ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు.

రక్తంలో ఉన్న సీసం, కొత్తగా చేరకపోతే, సుమారు నెలకు సగానికి పడిపోతుంది. కానీ ఒంట్లోకి వెళ్లిన సీసంలో చాలా భాగం ఎముకల్లోకి చేరుతుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని అక్కడ దాచుకుంటుంది, దశాబ్దాల పాటు. గర్భం వచ్చాక బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకల్లోంచి కాల్షియం కరిగినప్పుడు, దాంతో పాటే ఆ పాత సీసమూ రక్తంలోకి వస్తుంది. కడుపులో బిడ్డకు తల్లి రక్తం నుంచి పోషణ అందించే మాయ (ప్లాసెంటా) దాన్ని అడ్డుకోలేదు. ఎదిగే మెదడు మీద పడే దెబ్బ అక్కడి నుంచే మొదలవుతుంది. మీరు వర్క్‌షాపు మానేసి ఎన్నేళ్లయినా సరే పరీక్ష అంటున్నది ఇందుకే. "నేను లెక్కలే కదా చూశాను" అనుకోకండి. ఆ దుమ్ము చెప్పులకూ, బట్టలకూ, బిల్లు పుస్తకాలకూ అంటుకుని టేబుల్ దాకా వస్తుంది. ఒకవేళ మీకు ఇప్పుడు అంకె తక్కువే వచ్చినా ఆ మూడేళ్ల సంగతి మీ గైనకాలజిస్ట్‌కు తప్పకుండా చెప్పండి. ఎముకల్లో ఎంతుందో రక్తపరీక్ష పూర్తిగా చెప్పలేదు కాబట్టి, గర్భం వచ్చాక మళ్లీ చూడాల్సి రావచ్చు.

నాకు మందులేమీ ఇవ్వలేదు. సీసాన్ని బయటికి లాగే మందులు ఉన్నాయి కానీ గర్భిణులకు సాధారణంగా 45 దాకా వెళ్తేనే వాటి గురించి ఆలోచిస్తారట. నా విషయంలో మొదటి పని, దుమ్ముకు దూరంగా ఉండటం. మూడు వారాలు మా అక్క వాళ్లింట్లో ఉన్నాను. ఆలోగా పనివాళ్లు మిగిలిన రంగును పొడిగా రుద్దకుండా తడిపి గీకారు, నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిచారు. ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ అంతటా పడుతుంది. నాకు ఐరన్ కూడా తక్కువే ఉందని తేలింది. ఐరన్ తక్కువగా ఉన్న ఒళ్లు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, అందుకని ఐరన్, కాల్షియం మాత్రలు రాశారు. మెక్సికోలో గర్భిణులకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సుమారు 11 శాతం తగ్గింది. చిన్న అంకెలా కనిపిస్తుంది, కానీ మాత్ర వేసుకుంటే జరిగే మేలు అది. రెండు నెలలకు నాది 8 అయింది, నాలుగో నెలకు 5, ఏడో నెలకు 4 లోపు. అప్పటిదాకా ఆగాం. ఆ ఆగడం నాకు చాలా కష్టమైంది, రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. ఇప్పుడు మా పాపకు నాలుగేళ్లు, చక్కగా ఉంది.

ఇక మీ 200 సంగతి. అది 2005లో అమెరికాలో పదిమంది పిల్లల బొడ్డుతాడు రక్తం మీద చేసిన పరీక్ష. 2011లో 268 మంది గర్భిణుల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. పీసీబీలు (ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన రసాయనాలు), కొన్ని పురుగుమందులు, థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవి, సెంట్లలోనూ ఉండేవి), పీఎఫ్ఏఎస్‌లు (నాన్‌స్టిక్ పూతల్లాంటి వాటిలో వాడేవి) దాదాపు అందరిలోనూ దొరికాయి. అంటే ఇది మీ ఒక్కరి ఒంట్లో ఉన్న లోపం కాదు, మీరు చేసిన తప్పు అంతకన్నా కాదు. వీటిని ఆపాల్సింది చట్టాలు, తయారీదారులు. మన చేతిలో ఉన్నది మాత్రం, ఏది ఎంతకాలం ఒంట్లో ఉంటుందో తెలుసుకుని దాన్నిబట్టి శ్రద్ధ పెట్టడం.

బీపీఏ (గట్టి ప్లాస్టిక్‌లో, ఆహారం డబ్బాల లోపలి పూతలో వాడే రసాయనం), థాలేట్ల లాంటివి గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. మళ్లీ మళ్లీ చేరుతుంటాయి కాబట్టే ఎప్పుడు చూసినా కనిపిస్తాయి. 2011లోనే ఐదు కుటుంబాల్లో 20 మందికి మూడు రోజులు డబ్బాల్లో, ప్లాస్టిక్‌లో ప్యాక్ చేయని తాజా ఆహారం పెడితే బీపీఏ సగటున 66 శాతం పడిపోయింది. మూడే రోజుల్లో! వేడి పదార్థాలు ప్లాస్టిక్‌లో పెట్టకపోవడం, ఘాటు సెంటు వాసనల వస్తువులు తగ్గించుకోవడం మీరు ఈ రోజే మొదలుపెట్టవచ్చు. అంతకు మించి టెన్షన్ వద్దు.

పాదరసం అలా కాదు. చేపల్లో ఉండే మిథైల్ పాదరసం సగం కావడానికి దాదాపు 50 రోజులు పడుతుంది. బొడ్డుతాడు రక్తంలో అది తల్లి రక్తంలో కన్నా ఎక్కువగా చేరుతుంది. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన ఘోరం అదే, అక్కడ ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరింది. పెద్దగా లక్షణాలు లేని తల్లులకు మెదడు తీవ్రంగా దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. మీకు ఆరు నెలలుంది కాబట్టి సొరచేప, కత్తిచేప లాంటి పెద్ద వేటచేపలు ఇప్పుడే మానేస్తే గర్భం వచ్చేనాటికి చాలావరకు పోతుంది. చేపలే మానొద్దు, చిన్నవి తినండి, బిడ్డ మెదడుకు మంచివి. పిండంలో మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది. చాలామందికి గర్భం సంగతి తెలిసేసరికే అది అయిపోతుంది, అందుకే ముందు నుంచే అంటున్నాను.

పీసీబీలు, పీఎఫ్ఏఎస్‌లు సగం కావడానికి ఏళ్లు పడుతుంది. ఏ రసమూ, ఏ పొడీ వాటిని కడగలేదు. పైగా డిటాక్స్ పేరుతో పస్తులుండి గబగబా బరువు తగ్గితే కొవ్వులో ఉన్న పీసీబీలు రక్తంలోకి వస్తాయి. ఆ పొడుల్లో కొన్నింట్లో సీసమే దొరికిన సందర్భాలూ ఉన్నాయి. దయచేసి అది మాత్రం చేయకండి.

పరీక్ష రిపోర్ట్ వచ్చాక అంకె పక్కన యూనిట్ ఏముందో కూడా చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకు లెక్క వేస్తాయి, అప్పుడు అదే సీసం పది రెట్లు కనిపిస్తుంది. నా రెండో రిపోర్ట్‌లో 80 అని చూసి ల్యాబ్ మెట్ల మీదే కూలబడి ఏడ్చాను, అది 8. మీది వచ్చాక అంకె, యూనిట్ రెండూ ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.